పమిట కొస తగిలితే కెవ్వుమంటారు, గట్టిగా పట్టుకుంటే ఏమీ అనరు: ఒక కోడలి సందేహం

ప్రశ్న: మా అత్తయ్యగారికి 67 ఏళ్ళు. 12 ఏళ్ళుగా షుగరు ఉంది. ఐదు నెలల క్రితం కుడి రొమ్ము కింది నుంచి వీపు దాకా సర్పి (షింగిల్స్) లేచింది. మొదటి వారం ఎర్రమట్టి పూయించి, ఆ తర్వాత డాక్టరుకు చూపించాం. మూడు వారాలకు పొక్కులు మాడి మచ్చలు మిగిలాయి కానీ నొప్పి పోలేదు. జాకెట్టు వేసుకోలేరు, ఫ్యాను గాలి పడదు, స్నానమంటే భయం. మనవడు ఒళ్ళోకి రాబోతే నెట్టేశారు. నాలుగేళ్ళ పిల్లవాడు ఇప్పుడు ఆవిడ గదిలోకే వెళ్ళడం లేదు. మెడికల్ షాపులో తెచ్చిన నొప్పి మాత్రలు రోజుకు రెండేసి వేసుకుంటున్నారు. ఇ.సి.జి., స్కానింగు బాగున్నాయన్నారు. నూనె రాసి కాపడం పెడదామని మావారు, నాగదోషమని మా ఆడపడుచు అంటున్నారు. నా సందేహం వేరు. మంచం దిగేటప్పుడు అదే వైపు డొక్కలో చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంటే ఆవిడ ఏమీ అనరు. అదే చోట గుడ్డ తగిలితే కెవ్వుమంటారు. ఒకరోజు ఆవిడ అటు తిరిగి ఉన్నప్పుడు నా పమిట కొస కావాలనే తగిలించి చూశాను. అరిచి, చాలాసేపు ఏడ్చారు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇది నిజమైన నొప్పేనా? తగ్గుతుందా? పిల్లవాడికి అంటుతుందా? నేను చేసిన పని ఆవిడకు చెప్పాలా? (పేరు, ఊరు ప్రచురించవద్దన్నారు.)

సమాధానం: అమ్మా, మీకు అనుమానం కలిగించిన సంగతి ఏదో, ఆవిడ నటించడం లేదనడానికి నాకు దొరికిన బలమైన ఆధారం కూడా అదే. నొప్పి ఉన్నట్టు నటించాలనుకునే మనిషి, గట్టిగా పట్టుకున్నప్పుడు ఎక్కువగా అరిచి, మెల్లగా తగిలినప్పుడు ఊరుకుంటారు. ఎందుకంటే గట్టి దెబ్బకు ఎక్కువ నొప్పి, చిన్న దెబ్బకు తక్కువ నొప్పి అన్నదే మనందరికీ తెలిసిన లెక్క. ఆ లెక్కకు సరిగ్గా తలకిందులుగా, పట్టు ఇస్తే ఓర్చుకుని, గుడ్డ రాసుకుంటే ఓర్చుకోలేకపోవడం అనేది వైద్యశాస్త్రం చదవని మనిషికి నటించాలన్నా తోచదు. నరాల నొప్పులు చూసే డాక్టర్లు గదిలో దూదిపింజ పెట్టుకునేది ఈ తేడాను కనిపెట్టడానికే.

మామూలు మనిషికి ఏ బాధా కలిగించని స్పర్శ నొప్పిగా తెలియడాన్ని అల్లోడినియా అంటారు. సర్పి లేచి 90 రోజులు దాటినా నొప్పి నిలిచిపోతే దాన్ని పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అంటారు, అల్లోడినియా దానిలో చాలా తరచుగా కనిపించే లక్షణం. నేను ఆవిడను చూడలేదు కాబట్టి ఇదే జబ్బు అని తేల్చి రాయడం నా పరిధి కాదు. అయినా సర్పి వచ్చిన చోటే, ఒక్క పక్కనే, రొమ్ము నుంచి వెన్ను దాకా పట్టీలాగా నొప్పి నిలిచిందని మీరు రాసినది చదివితే వేరే కారణం వెతకవలసిన అవసరం పెద్దగా కనిపించడం లేదు. ఇ.సి.జి., స్కానింగు బాగుండటం ఇందుకు విరుద్ధమేమీ కాదు; ఆ పరీక్షలు గుండెను, లోపలి అవయవాలను చూస్తాయి గానీ, ఒక సన్నని నరం తప్పుడు కబురు మోస్తున్నదని చెప్పగలిగే శక్తి వాటికి లేదు.

చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లోకి వచ్చిన వైరస్సు, పొక్కులు మానిన తర్వాత కూడా చావకుండా, వెన్నుపాము పక్కన ఉండే నాడీకణాల ముడుల్లో దశాబ్దాల తరబడి నిద్రపోతుంది. వయసు పైబడినప్పుడో, ఒంట్లో రోగనిరోధకశక్తి సన్నగిల్లినప్పుడో అది మేల్కొని, ఏ ముడిలో ఉన్నదో ఆ ముడి నుంచి చర్మానికి వచ్చే నరం వెంబడే పాకుతుంది. సర్పి ఒంటి మధ్యగీత దాటకుండా ఒక పక్కనే పట్టీలాగా లేవడానికి కారణం ఇదే. పాము చుట్టుకున్నట్టు కనిపించే ఆ ఆకారమే నాగదోషమన్న ఊహకు దారి తీసి ఉంటుంది. పూజ చేయించుకోవడం మీ ఆడపడుచుకు ఊరట అయితే నాకు అభ్యంతరం లేదు, అయితే దోషమనే మాట ఆవిడ చెవిన పడనివ్వకండి. నొప్పితో ఉన్న మనిషికి తను చేసిన పాపమేదో ఇలా కట్టి కుడుపుతున్నదన్న ఆలోచన కూడా తోడైతే రాత్రులు ఇంకా పొడుగవుతాయి.

వైరస్సు వెళ్ళిన దారిలో నరం దెబ్బతింటుంది. మన చర్మం నుంచి వెన్నుపాముకు కబుర్లు మోసే తీగలు ఒక్క రకం కావు. స్పర్శను మోసేవి లావుగా, పైపూతతో ఉండి, సెకనుకు 35 మీటర్లకు పైగా వేగంతో పరుగెడతాయి. మంటను, పోటును మోసే సన్నని తీగలు సెకనుకు ఒకటి రెండు మీటర్లకు మించి కదలవు. మామూలుగా ఈ రెంటికీ దారులు వేరు. మోకాలికి దెబ్బ తగిలితే మనం అక్కడే రుద్దుకుంటాం, కాస్త ఉపశమనంగా ఉంటుంది. స్పర్శ కబురు వెన్నుపాము దగ్గర నొప్పి కబురుకు తలుపు మూస్తుందని రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1965లో ప్రతిపాదించారు. మీ అత్తయ్యగారిలో ఆ తలుపే పాడైంది. దెబ్బతిన్న నరం నెలల తరబడి వేసిన కేకలకు వెన్నుపాములోని కణాలు ఎంత అలవాటుపడిపోయాయంటే, ఇప్పుడు స్పర్శ తీగ వచ్చి తట్టినా అవి నొప్పి అనే బదులిస్తున్నాయి. వెన్నుపాము తానే ఇలా రెచ్చిపోగలదని క్లిఫర్డ్ వుల్ఫ్ 1983లో ప్రయోగపూర్వకంగా చూపించే వరకు ఇటువంటి రోగులను వైద్యులు కూడా చాలామంది మీలాగే అనుమానించారు.

మరి గట్టిగా పట్టుకుంటే ఎందుకు ఓర్చుకుంటారు? చర్మంలో కదలికను కనిపెట్టే గ్రాహకాలు కొన్ని ఉన్నాయి. అవి ఏదైనా తగిలీ తగలగానే, రాసుకుంటూ పోతున్నంతసేపూ కబురు పంపుతాయి. ఒత్తిడి ఒకే చోట నిలిచిపోతే కాసేపటికి ఊరుకుంటాయి. పొద్దున పెట్టుకున్న చేతిగడియారం మధ్యాహ్నానికి ఉన్నట్టే తెలియకపోవడం మనందరికీ అనుభవమే. మీ అరచేయి కదలకుండా నిలిచింది కాబట్టి ఆ గ్రాహకాలు సద్దుమణిగాయి. మీ పమిట కొస మాత్రం ఆవిడ చర్మం మీద పాకింది. ఈ జబ్బులో మెల్లగా కదిలే స్పర్శ నిలకడగా ఉన్న ఒత్తిడి కంటే ఎక్కువ బాధించడం సర్వసాధారణం. అందరిలోనూ ఇలాగే ఉండదు, కొందరు ఒత్తిడిని కూడా భరించలేరు. కాని మీ ఇంట్లో అది భరించగలిగే స్పర్శ అని మీకు తెలియకుండానే మీరు కనిపెట్టారు. నేను రాయబోయే వాటిలో సగం ఆ ఒక్క సంగతి మీద ఆధారపడ్డవే.

జాకెట్టు సంగతి చూద్దాం. ఇటువంటి నొప్పి ఉన్నవారికి ఇంట్లోవాళ్ళు మొదట ఇచ్చే సలహా వదులుగా ఉన్న బట్టలు వేసుకోమనడం. వదులు బట్ట ప్రతి అడుగుకీ, ప్రతి ఊపిరికీ చర్మం మీద అటూ ఇటూ జరుగుతుంది, కాబట్టి చాలామందికి అది ఎక్కువ హింస. దానికంటే ఒంటికి అతుక్కుని కదలకుండా ఉండే మెత్తటి బనియను, అది కూడా కుట్లు పైకి వచ్చేలా తిరగేసి తొడిగి, దాని మీద చీర కట్టుకుంటే సుఖంగా ఉండవచ్చు. బాగా ఉతికి నలిగిన పాతదైతే మేలు. తల మీదుగా లాగే బనియను వేసుకోవడమే ఒక యుద్ధం కాబట్టి ముందు భాగం నిలువునా కత్తిరించి, పట్టీలు కుట్టించి, ఎడమ పక్కన ముడి వేసుకునేలా చేయండి. చీరలకు గంజి మానేయండి. ఆ తరం వాళ్ళు జాకెట్టు లేకుండా కొడుకు ఎదుట పడలేక గదిలో తలుపు వేసుకు కూర్చుంటారు. బయటివాళ్ళకు అది ముభావంలా, కోపంలా కనిపిస్తుంది. ఆవిడ గది దాటకపోవడానికి ఈ కారణం కూడా ఉన్నదేమో ఒకసారి గమనించండి.

స్నానానికి చెంబుతో పై నుంచి నీళ్ళు కుమ్మరించడం, పీచు, నలుగు కొంతకాలం పక్కన పెట్టండి. గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన మెత్తటి గుడ్డను, ముందుగా "వేస్తున్నాను అత్తయ్యా" అని చెప్పి, నొప్పి లేని ఎడమ పక్క నుంచి మొదలుపెట్టి, కుడి పక్కకు వచ్చేసరికి రుద్దకుండా అద్దిపట్టి తీయండి. తుడవడమూ అలాగే అద్దుతూ చేయాలి. ఫ్యాను ఆపేస్తే మన ఎండల్లో మనిషి ఉడికిపోతారు, కాబట్టి మంచాన్ని జరిపి గాలి ఎడమ పక్కన తగిలేలా చూడండి. చెప్పకుండా తాకవద్దు అన్నది ఇంట్లో అందరికీ ఒక నియమం కావాలి. ఎప్పుడు ఎక్కడ తగులుతుందో తెలియని స్పర్శ కోసం ఒళ్ళు బిగబట్టుకుని కూర్చోవడం కూడా నొప్పిని పెంచుతుంది.

ఈ బాధ కొత్తదేమీ కాదు. అమెరికా అంతర్యుద్ధంలో తుపాకీ గుండ్లకు నరాలు దెబ్బతిన్న సైనికులను చూసిన సైలస్ వెయిర్ మిచెల్ అనే వైద్యుడు 1864 ప్రాంతంలోనే, గాయం ఎప్పుడో మానినా గుడ్డ రాపిడికి తాళలేక చేతులకు తడిగుడ్డ చుట్టుకునేవారి గురించీ, బూట్లలో నీళ్ళు పోసుకుని నడిచేవారి గురించీ రాశాడు. యుద్ధం చేసి వచ్చిన జవాన్లు కాగితం రెపరెపకు వణికిపోవడం ఆయనకూ వింతగానే తోచింది. ఇదే స్పర్శనొప్పి మైగ్రేను వచ్చినప్పుడు తల దువ్వుకోలేని వారిలోనూ, షుగరు వల్ల నరాలు దెబ్బతిని పాదాల మీద దుప్పటి భరించలేని వారిలోనూ ఉంటుంది.

మీ వారు చెప్పిన నూనె, కాపడం రెండూ వద్దు. నూనె రాయడమంటే చర్మం మీద చెయ్యి అటూ ఇటూ కదపడమే. కాపడం ఇంకా ప్రమాదం: దెబ్బతిన్న నరం ఉన్న చోట కొన్నిచోట్ల నొప్పి ఎక్కువై కొన్నిచోట్ల వేడి అసలు తెలియకపోవచ్చు, పైగా షుగరు ఉన్న ఒంటికి కాలిన పుండు త్వరగా మానదు. మిరపకాయ ఘాటుకు కారణమైన కాప్సైసిన్‌తో చేసిన క్రీములు ఈ నొప్పికి వాడతారన్నది నిజం. ఆ ఘాటు, 43 డిగ్రీలకు మించిన వేడి మన నరాల మీద ఒకే గ్రాహకాన్ని తట్టి లేపుతాయని డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనిపెట్టింది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి రావడానికి అదే మూలం. గుంటూరు మిరపకాయ నోరు "మండుతోంది" అని మనం అనడంలో ఎంత నిజం ఉందో అప్పుడు తేలింది. అయితే ఆ క్రీము రోజుకు మూడు నాలుగు సార్లు రుద్దాలి, మొదటి రోజుల్లో మంట పెరుగుతుంది. గుడ్డ తగిలితేనే అరిచే మనిషికి అది సాధ్యమయ్యే వైద్యం కాదని నా అభిప్రాయం. ఎవరో చెప్పారని ఇంట్లో కారం నూరి పూసే పని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి.

మందుల విషయంలో మొదట ఆపవలసినది ఆ మెడికల్ షాపు మాత్రలు. డైక్లోఫినాక్ వంటివి వాపు వల్ల వచ్చే నొప్పికి పనిచేస్తాయి గానీ నరం నొప్పికి వాటి ప్రయోజనం బహుస్వల్పం. 12 ఏళ్ళ షుగరు ఉన్న మనిషి వాటిని రోజూ రెండేసి మింగితే మూత్రపిండాలకూ, కడుపుకూ చేటు. జనరల్ ఫిజీషియన్‌కు గానీ, న్యూరాలజిస్టుకు గానీ, పెద్ద ఆసుపత్రుల్లో మత్తు వైద్య (అనస్థీషియా) విభాగం వారు నడిపే పెయిన్ క్లినిక్‌లో గానీ చూపించండి. నొప్పి అని మాత్రమే చెబితే మళ్ళీ అవే మాత్రలు రాస్తారు. "సర్పి వచ్చి ఐదు నెలలైంది, ఆ చోట గుడ్డ తగిలితే భరించలేకపోతున్నారు, గట్టిగా పట్టుకుంటే ఓర్చుకుంటున్నారు" అని ఈ మాటల్లోనే చెప్పండి. మంటా, పోటా, కరెంటు షాకు కొట్టినట్టా, చీమలు పాకినట్టా అన్నది ఆవిడనే చెప్పనివ్వండి. షుగరు రిపోర్టు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష, పాత ఇ.సి.జి., వాడుతున్న మందుల చీటీలన్నీ పట్టుకెళ్ళండి.

ఈ నొప్పికి సాధారణంగా రాసేవి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, లేదా రాత్రిపూట చిన్న మోతాదులో అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్, కొందరికి డ్యులోక్సెటిన్. వీటిలో కొన్నింటిని దిగులుకూ, మూర్ఛకూ కూడా వాడతారు. చీటీ చూసి ఎవరైనా "పిచ్చికి మందు రాశారు" అంటే పట్టించుకోకండి, ఇక్కడ వాటి పని రెచ్చిపోయిన నరాన్ని శాంతింపజేయడం. ఇవి నొప్పి మాత్రల్లా గంటలో పనిచేయవు. చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసి గుణం లేదని మానేసిన వారిని నేను చాలామందిని చూశాను. మత్తు, కళ్ళు తిరగడం, కాళ్ళ వాపు రావచ్చు కాబట్టి మొదటి వారాల్లో రాత్రి ఆవిడ బాత్‌రూముకు ఒంటరిగా వెళ్ళకుండా చూడండి. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే మొదటి రెండింటి మోతాదు తగ్గించాలి. గుండె లయ దోషం, గ్లాకోమా, మూత్రం ఆగిపోవడం ఉన్నవారికి అమిట్రిప్టిలిన్ సరిపడదు. వాడుతున్న వాటిని ఉన్నట్టుండి ఆపకూడదు. చర్మం మీద అంటించే 5 శాతం లిడోకైన్ పట్టీల గురించి తప్పక అడగండి. పొక్కులు పూర్తిగా మానిన చర్మం మీద రోజుకు 12 గంటలకు మించకుండా వేస్తారు. మొద్దుబార్చే మందుతో పాటు గుడ్డ రాపిడి నుంచి కాపలా కూడా దొరుకుతుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వాడుతుంటే బి12 పరీక్ష కూడా చేయించండి, అది తగ్గినా నరాలు దెబ్బతింటాయి.

తగ్గుతుందా అని అడిగారు. చాలామందిలో నెలలు గడిచేకొద్దీ తీవ్రత తగ్గుతుంది, కొందరిలో ఏడాది దాటినా మిగులుతుంది. మందులు నొప్పిని సున్నా చేయకపోయినా నిద్రపట్టే స్థాయికి దించగలిగితే అది మంచి ఫలితమే. ఎర్రమట్టి పూయించి వారం పోగొట్టామన్న బాధ మీ మాటల్లో ఉంది. వైరస్సును అణిచే ఎసైక్లోవిర్ వంటి మందులు పొక్కులు లేచిన 72 గంటల లోపల మొదలుపెట్టడం మంచిదన్నది నిజమే, కానీ వేళకు వేసుకున్నవారికి కూడా ఈ నొప్పి రాదన్న హామీ లేదు. కాబట్టి దాని గురించి ఇంట్లో ఒకరినొకరు అనుకోకండి. మీ మామగారికీ, 50 ఏళ్ళు దాటిన మిగతా వారికీ షింగ్రిక్స్ అనే టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది. రెండు నుంచి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు. ఖరీదు ఎక్కువ. అది సర్పి రాకుండా కాపాడేదే గాని, వచ్చిన నొప్పికి మందు కాదు.

పిల్లవాడికి ఇప్పుడు ఏమీ అంటదు. రసి కారే పొక్కులు ఉన్నప్పుడు మాత్రమే, ఆటలమ్మ రాని, టీకా వేయించని పిల్లలకు అది సోకవచ్చు, అది కూడా సర్పిగా కాదు, ఆటలమ్మగా. నాయనమ్మ తనను ఎందుకు నెట్టిందో వాడికి ఎవరైనా చెప్పారా? "నాయనమ్మకు కుడి పక్క దెబ్బ ఉంది, పైకి కనబడదు, ఎడమ పక్క నీ చోటు" అని చెప్పి, ఆవిడ ఎడమ చేయి పట్టుకుని కూర్చోబెట్టండి. పరుగెత్తి వచ్చి మీద పడకుండా గుమ్మం దగ్గర ఆగి "నాయనమ్మా, రానా?" అని అడగడం నేర్పితే నాలుగేళ్ళ పిల్లలకు అదొక ఆట. ఒళ్ళు మొత్తం ముట్టుకోకుండా వదిలేయడం ఆవిడకు మేలు చేయదు. స్పర్శ బొత్తిగా లేని చోట నరం ఇంకా బెదురుగా తయారవుతుంది. మందులతో కాస్త నెమ్మదించాక, నొప్పి ఉన్న చోటి అంచున ఆవిడే తన చేత్తో పాత పట్టుగుడ్డ, తర్వాత మెత్తటి నూలుగుడ్డ, ఆ తర్వాత తువ్వాలు అద్దుకోవడం, రోజుకు రెండు మూడు సార్లు, కొద్ది నిమిషాలు, అలవాటు చేయవచ్చు. ఓర్చుకోలేకపోతే ఆపేయాలి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి: చెమటలు పట్టి ఎడమ చేతికి పాకే ఛాతీ నొప్పి, కాళ్ళలో బలం తగ్గడం, మూత్రం మీద అదుపు పోవడం, కొత్త పొక్కులు. ఇక బతకాలని లేదన్న మాట ఆవిడ నోట వస్తే విసుగుతో అన్నదని కొట్టిపారేయకుండా డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్ వారి 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

మిగిలింది మీ చివరి ప్రశ్న. చెప్పండి. మాట రాకపోతే ఈ సమాధానం చదివి వినిపించండి. ఆ తర్వాత మీరు దొంగచాటుగా చేసిన పరీక్షనే ఈసారి ఆవిడ అనుమతితో చేయండి. చిన్న దూదిపింజ తీసుకుని, ఎడమ పక్క బాగున్న చర్మం మీద మొదలుపెట్టి, "ఎక్కడ నొప్పి మొదలైతే అక్కడ ఆపమనండి" అని, మెల్లగా కుడి వైపుకు, పై నుంచి, కింది నుంచి, వీపు వైపు నుంచి జరపండి. ఆవిడ ఆపమన్న ప్రతి చోటా, ఆ గీతకు కాస్త ఇవతలే, బాల్‌పెన్నుతో చుక్క పెట్టండి. చుక్కలన్నీ కలిపితే వచ్చే ఆకారాన్ని కాగితం మీద దించి, తేదీ వేసి, డాక్టరుకు చూపించండి. మందులు మొదలుపెట్టిన నెలకు మళ్ళీ అలాగే గీసి పక్కన పెట్టి చూడండి.